శని పెట్టె ఉన్న మలుపు

ఆదివారం ఉదయం ఏడూ నలభైకి రిజర్వాయరు రోడ్డు మీద, తొమ్మిదో కిలోమీటరు రాయి దాటాక వచ్చే మలుపులో, పాల వ్యాను ఒక ఆడమనిషిని గుద్దింది. ఆమె కుడి తొడ ఎముక, భుజం దగ్గర ఎముక విరిగాయి. తల ఇనప రైలింగ్‌కు తగిలింది. వ్యాను డ్రైవరు పారిపోలేదు. ఆమెను పాల క్యాన్ల పక్కన పడుకోబెట్టి తనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. పోలీసులు అతన్ని అక్కడే అదుపులోకి తీసుకున్నారు.

ఆమె టైలరు. యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, అక్కతో కలిసి ఉంటుంది. పొద్దున్నే ఆ మలుపులో ఆమెకు పనేమిటో పోలీసులకు అంతుపట్టలేదు. అక్కడ ఇళ్లు లేవు, కొట్లు లేవు, బస్సు ఆగదు. ఆమె స్కూటరు మలుపుకు ఇవతల స్టాండు వేసి ఉంది. తాళం హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఫోను వ్యాను చక్రం కింద పడి పచ్చడైంది.

ఆమె అక్కడికి ఎందుకు వెళ్లిందో వినగానే అర్థమైనవాళ్లు ఊళ్లో ఇద్దరు. ఒకడు రోడ్ల శాఖలో సర్వేయరు. రెండోవాడు అతని బావమరిది.

బావమరిదికి ఆస్పత్రి గేటు ఎదురుగా ఎలక్ట్రికల్ షాపు ఉంది. పాల వ్యాను లోపలికి వెళ్లడం, స్ట్రెచరు రావడం అతను షట్టరు ఎత్తుతూ చూశాడు. స్ట్రెచరు మీద ఉన్నది ఎవరో చూశాక ఫోను చేశాడు.

"బావా, మన టైలరక్క."

"ఏమైంది?"

"రిజర్వాయరు రోడ్డట. మలుపట."

సర్వేయరు కుర్చీలోంచి లేచాడు.

"బతికే ఉంది," అన్నాడు బావమరిది. "నువ్వు వింటున్నావా?"

బావాబావమరుదులిద్దరికీ ఆటొకటి ఉంది. జియోకాషింగ్ అంటారు. ఎవరో ఒకరు చిన్న పెట్టె ఒకటి దాచి, అది ఉన్న చోటును వెబ్‌సైటులో మ్యాపు మీద పెడతారు. మిగతావాళ్లు ఫోను చూసుకుంటూ వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేసి వస్తారు. గెలిచినవాళ్లకు ఇచ్చేదేమీ ఉండదు. ఊళ్లో ఈ ఆట ఆడేవాళ్లు పదిమంది కూడా లేరు. అందరిలోకీ ముందుండేది టైలరు. ఆటలో ఆమె పేరు సూది.

రిజర్వాయరు రోడ్డు పొడవునా సౌర కుటుంబాన్ని పరవాలన్నది సర్వేయరు ఆలోచన. ఊరి చివర వాటర్ ట్యాంకు సూర్యుడు. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఒక కిలోమీటరు అనుకుంటే, భూమి మొదటి కిలోమీటరు రాయి దగ్గర పడుతుంది. గురుడు అయిదు కిలోమీటర్లు దాటాక. నెప్ట్యూన్ ముప్ఫయ్యో కిలోమీటరు రాయి పక్కన, సరిగ్గా రిజర్వాయరు గేటు దగ్గర. రోడ్డు వేసినవాడు ఈ లెక్క చూసుకునే వేశాడేమోనని బావమరిది నవ్వాడు. ప్రతి పెట్టెలోనూ ఆ గ్రహానికి వెళ్లిన వ్యోమనౌక బొమ్మ ఉండేది. వాటిని బావమరిది రాగి తీగతో, సీసా మూతలతో షాపులో కూచుని చేశాడు. బేరాలు పోతున్నాయని అతని భార్య పోరు పెట్టినా మానలేదు.

పెట్టెలన్నీ ఒకేసారి తెరవలేదు. శుక్రవారానికొక గ్రహం. శుక్రవారం సాయంత్రం పేజీ తెరుచుకునేది. ఆదివారం పొద్దున్నే టైలరు వెళ్లి, అందరికంటే ముందు పేరు రాసుకుని వచ్చేది. బుధుడి నుంచి గురుడి దాకా మొదటి పేరు ఆమెదే. తరవాతి వంతు శనిది.

సూర్యుడికీ శనికీ మధ్య సగటు దూరం ఈ లెక్కలో తొమ్మిది కిలోమీటర్ల అయిదువందల ఎనభై మీటర్లు. సర్వేయరు ఆఫీసు పరికరంతోనే కొలిచాడు. ఆ చోటు మలుపు నడుమ పడింది. రోడ్డంచుకీ రైలింగ్‌కీ మధ్య మనిషి నిలబడేంత జాగా ఉంది, అంతే. ఇంకొంచెం ముందుకు వెళితే లారీలు ఆపుకునే ఖాళీ జాగా వస్తుంది. పెట్టె అక్కడ పెట్టమని అతని భార్య అప్పుడే చెప్పింది.

"అక్కడ పెడితే లెక్క తప్పుతుంది," అన్నాడు సర్వేయరు.

"ఏం లెక్క? శని ఏమన్నా మేకు కొట్టినట్టు ఒక్కచోటే ఉంటాడా? సూర్యుడికి కొన్నాళ్లు దగ్గరగా, కొన్నాళ్లు దూరంగా తిరుగుతాడని మీ పుస్తకంలోనే ఉంది. తొమ్మిదికీ పదికీ మధ్య ఎక్కడ పెట్టినా తప్పు లేదు."

ఆ సంగతి అతనికి తెలుసు. పుస్తకం కొన్నది అతనే.

"సగటంటే సగటే," అన్నాడు.

"శనిని రోడ్డు మీద కూచోబెట్టి ఎవరికి తగిలిద్దామని బావా?" అన్నాడు బావమరిది. ముగ్గురూ నవ్వుకున్నారు. అయస్కాంతం అంటించిన రేకు పెట్టెను సర్వేయరు రైలింగ్ అడుగున అతికించి వచ్చాడు.

ఈ ఆటకు ఒక కట్టుబాటు ఉంది. ఆటలో లేనివాళ్ల కంట పెట్టె పడకూడదు. పడితే ఎవరో ఒకరు పట్టుకుపోతారు. అందుకని వెతికేవాళ్లు, ఎవరన్నా వస్తుంటే, చెప్పులు సవరించుకుంటారు, దారి తప్పినట్టు దిక్కులు చూస్తారు. పేజీలో పెట్టె యజమాని ఒక సూచన రాసి పెడతాడు. దాని మీద నొక్కితేనే కనిపిస్తుంది. మామూలుగా జనం అక్కడిదాకా వెళ్లి, వెతికి వెతికి విసుగొచ్చాక నొక్కుతారు. శని పెట్టెకు సర్వేయరు రాసిన సూచన ఇది: "మోకాళ్ల మీద కూర్చుంటే చేతికి తగులుతుంది. బండి వస్తే లేచి, ఫోను మాట్లాడుతున్నట్టు నిలబడండి."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మోటారుసైకిలు మీద మలుపు దగ్గరికి వెళ్లారు. రోడ్డు మీద పోలీసుల సుద్ద గీతలు ఉన్నాయి. మనుషులెవరూ లేరు. సర్వేయరు మోకాళ్ల మీద కూచుని చెయ్యి పెట్టాడు. పెట్టె ఉన్నచోటే ఉంది. పీకి సంచిలో వేసుకున్నాడు.

"పేజీ కూడా మార్చెయ్ బావా," అన్నాడు బావమరిది. "లారీల జాగాలో ఉన్నట్టు పెట్టు. కొద్ది దూరానికి వెబ్‌సైటు వాళ్లేం అడగరు. ఆ సూచన కూడా తీసెయ్."

"ఆవిడకు తెలుసుగా."

"ఆవిడ లేచాక చూద్దాంలే. ఇప్పుడు పోలీసులు వెతుక్కుంటూ వచ్చారనుకో, గవర్నమెంటు ఉద్యోగివి, గవర్నమెంటు రైలింగ్‌కి డబ్బా అంటించావు. ఏమంటావ్? శనిగ్రహం అంటావా?"

సర్వేయరు అక్కడే నిలబడి ఫోనులో రెండూ మార్చాడు. మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సోమవారం ఆఫీసులో అతనికి పని చెప్పారు. ప్రమాదం జరిగిన చోటు కొలిచి స్కెచ్ గీసి ఇవ్వమని పోలీసులు రోడ్ల శాఖను అడిగారు. ఆ రోడ్డు అతని పరిధిలోది. ఒంట్లో బాగాలేదని చెప్పబోయి ఊరుకున్నాడు. తను వెళ్లకపోతే ఇంకొకడు వెళతాడు, వాడు రైలింగ్ కిందకి వంగి చూస్తే ఏం కనిపిస్తుందో తనకు తెలియదు.

మలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు, ఒక కానిస్టేబులు, డ్రైవరు ఉన్నారు. డ్రైవరు చొక్కా మీద పాల మరకలు ఎండి అట్టకట్టాయి. రాత్రి స్టేషన్‌లోనే ఉంచినట్టున్నారు.

"మళ్లీ చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎన్నిసార్లు చెప్పినా అదే సార్. మలుపు తిరిగేసరికి ఆవిడ ఇక్కడ, రైలింగ్ వైపు తిరిగి మోకాళ్ల మీద ఉంది. హారన్ కొట్టా. గభాల్న లేచింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. నా వైపు చూడలేదు. మాట్లాడుకుంటూ వెనక్కి రెండడుగులు వేసింది. నేను బ్రేకు తొక్కా."

"మోకాళ్ల మీద ఏం చేస్తోంది?"

"నాకేం తెలుసు సార్?"

"ఫోనులో ఎవరితో మాట్లాడుతోంది?"

"నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తా విను. ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోను కంపెనీవాళ్లని అడిగాం. ఆ టైములో ఆవిడకు ఫోను రాలేదు, ఆవిడ ఎవరికీ చెయ్యలేదు. ఏదో ఒకటి చెబితే సరిపోతుందనుకున్నావ్. కాస్త అతికేది చెప్పాలిగా."

డ్రైవరు రైలింగ్ వైపు చూశాడు. తరవాత సర్వేయరు వైపు చూశాడు.

"సార్, మీరు రోడ్లవాళ్లేగా. ఇక్కడ మోకాళ్ల మీద కూచుని చూసేదేమన్నా ఉంటుందా? తూమో, గొట్టమో?"

"ఏం లేదు," అన్నాడు సర్వేయరు.

టేపు ఒక కొస కానిస్టేబులుకు ఇచ్చి కొలతలు తీసుకున్నాడు. రోడ్డు వెడల్పు, టైరు జాడ పొడవు, రైలింగ్ నుంచి సుద్ద గీతకు దూరం. మలుపులో ఎంత దూరం నుంచి మనిషి కనిపిస్తాడో కూడా కొలిచాడు. టైరు జాడ దానికి తగ్గట్టే ఉంది. డ్రైవరు చూసిన వెంటనే బ్రేకు తొక్కాడు.

రైలింగ్ అడుగున అయస్కాంతం ఉన్నచోట దుమ్ము పట్టని మచ్చ ఒకటి ఉంది. దాన్ని స్కెచ్‌లో వెయ్యలేదు.

వెళ్లేటప్పుడు డ్రైవరు జీపు ఎక్కుతూ, "డెయిరీవాళ్లు శనివారం దాకా చూస్తామన్నారు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "ఈలోగా లైసెన్సు చేతికి రాకపోతే నా రూటుకి వేరేవాణ్ణి పెట్టుకుంటారట."

"ఆవిడ లేవనీ. ఆవిడ ఏం చెబితే అది."

సాయంత్రం సర్వేయరు ఇంట్లో స్కెచ్ ఫెయిర్ చేస్తున్నాడు. భార్య పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. సంచిలోంచి పెట్టె ఆమే తీసింది. ఎక్కడ దొరికిందని అడగలేదు.

"ఆ డ్రైవరు ఏమంటున్నాడు?"

చెప్పాడు.

"మరి మీరేమన్నారు?"

"కొలతలు తీసుకున్నా."

"అడిగింది అది కాదు."

అతను స్కేలు కింద పెట్టాడు. "అడిగాడు. మోకాళ్ల మీద కూచుని చూసేదేమన్నా ఉంటుందా అని. ఏం లేదన్నా."

ఆమె పెట్టెను స్కెచ్ కాగితం మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. భోజనానికి పిలవలేదు. అతనే వెళ్లి వడ్డించుకున్నాడు.

మంగళవారం టైలరుకు తెలివి బాగా వచ్చిందని, ఇన్‌స్పెక్టరు వచ్చి మాట్లాడి వెళ్లాడని బావమరిది ఫోను చేశాడు. "ఆవిడకి ఆదివారం సంగతేమీ గుర్తులేదట బావా. ఇంక మనకేం భయం లేదు." గొంతులో సంతోషం లేదు. ఆ మాట చెప్పడానికి షాపు వెనక్కి వెళ్లి మాట్లాడుతున్నట్టున్నాడు.

సర్వేయరు ఆఫీసు నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లాడు. ఎందుకు వెళుతున్నాడో అతనికే తెలియదు. టైలరు కాలికి బరువు కట్టి ఉంది. ఆమె అక్క మంచం పక్కన స్టూలు మీద కూచుని కమలా పండు ఒలుస్తోంది.

"రా తమ్ముడూ," అంది టైలరు. "చూశావా నా అవతారం? జాకెట్లు కుట్టించుకున్నవాళ్లందరూ వచ్చి పోతున్నారు, నన్ను చూడ్డానిక్కాదు, కుట్టిందెవరికివ్వాలో కనుక్కోడానికి."

"నీ నోటికి మాత్రం దెబ్బ తగల్లేదు," అంది అక్క.

"నొప్పి ఎలా ఉందక్కా?" అన్నాడు సర్వేయరు.

"నొప్పి సంగతి అలా ఉంచు. ఇది చెప్పు. శని పెట్టె ఎక్కడ పెట్టావ్?"

అతను పక్కనున్న ఖాళీ కుర్చీలో కూచున్నాడు.

టైలరు తన అక్క ఫోను అందుకుని పేజీ చూపించింది. "లారీల జాగాలో ఉంది. చూడు. కానీ నాకేమో శుక్రవారం మ్యాపులో మలుపు దగ్గర చూసినట్టు గుర్తు. ఈ మలుపులో ఎలా దాచాడబ్బా అనుకున్నట్టు కూడా గుర్తు. ఇన్‌స్పెక్టరుకి అదే చెప్పా. ఆయన ఇదే పేజీ తెరిచి, అమ్మా, పెట్టె అక్కడుంటే మీరు మలుపులో ఏం చేస్తున్నారన్నాడు."

"తలకి దెబ్బ తగిలింది గదా," అంది అక్క.

"డాక్టరు కూడా అదే అన్నాడు. లేనివి ఉన్నట్టు గుర్తొస్తాయట. అది అలవాటైపోతే ఎలా తమ్ముడూ? ఒకరి కొలత ఇంకొకరి గుడ్డ మీద కత్తిరించానంటే నా బతుకేం కాను? ముప్ఫై ఏళ్లుగా కొలతలు కాగితం మీద రాసుకున్నదాన్ని కాదు నేను. అన్నీ ఇక్కడే." బాగున్న చేత్తో కణత మీద కొట్టుకుంది. "ఇంక ఆ డ్రైవరొకడు. నేను ఫోను మాట్లాడుతూ వెనక్కి నడిచానంటాడు. రోడ్డు మీద ఫోను మాట్లాడ్డం నా జన్మలో లేదు. అబద్ధమని ఇన్‌స్పెక్టరుకి గట్టిగా చెప్పా. రాసుకున్నాడు."

"రాసుకున్నాడా?"

"సంతకం కూడా పెట్టించుకున్నాడు. ఎడం చేత్తో పెట్టా."

అక్క ఒలిచిన తొనలు అతని చేతిలో పెట్టింది. అవి అలాగే పట్టుకుని కూచున్నాడు. చెప్పాలనుకున్నాడు. గది నిండా మనుషులున్నారు, పక్క మంచం వాళ్ల చుట్టాలు ఇటే చూస్తున్నారు. ఇవన్నీ సాకులని అతనికి తెలుసు.

"నీ మొహమేంటి అలా ఉంది?" అంది టైలరు. "నాకేం కాదులే. నువ్వు నెప్ట్యూన్ దాకా ఆపొద్దు. నేను కుంటుకుంటూ అయినా వస్తా."

మెట్ల దగ్గర చెత్తబుట్టలో తొనలు పడేసి, షాపుకు వెళ్లాడు.

"నేను స్టేషనుకి వెళ్తున్నా," అన్నాడు బావమరిదితో.

బావమరిది బల్బు పరీక్షిస్తున్నవాడు ఆపేశాడు. "ఉద్యోగం పోతుంది బావా."

"పోవచ్చు."

"మా అక్కకి చెప్పావా?"

"మీ అక్కకి చెప్పేదేం లేదు. నిన్నటి నుంచి నాతో మాట్లాడ్డం లేదు."

"నా పేరు కూడా చెప్తావా?"

"పెట్టె తీసింది నేను. పేజీ మార్చింది నేను."

బావమరిది బల్బు అట్టపెట్టెలో పెట్టాడు. కొనడానికి వచ్చిన మనిషిని మళ్లీ రమ్మన్నాడు. షట్టరు సగం దించాడు. "సలహా ఇచ్చింది నేనుగా," అన్నాడు. "పద."

స్టేషన్‌లో డ్రైవరు బెంచీ మీద ఉన్నాడు. సర్వేయరు రేకు పెట్టె ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టాడు. ఆట సంగతి, సూచన సంగతి, ఆదివారం మధ్యాహ్నం సంగతి వరసగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పెట్టెను పెన్నుతో ఇటూ అటూ తిప్పాడు.

"ఇది శని."

"అవును సార్."

"అంటే మోకాళ్ల మీద కూచోమన్నది మీరు. బండి వస్తే లేచి ఫోను చెవి దగ్గర పెట్టుకోమన్నదీ మీరు."

"అవును."

"నిన్న నాకు స్కెచ్ గీసిందీ మీరే."

"అవును సార్."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

"ఇప్పుడు భయం పోయిందా?"

ఇన్‌స్పెక్టరు రైటరును కాగితాలు తెమ్మన్నాడు. "పెట్టె ఎవరైనా తేవచ్చు. ఇది అక్కడే ఉండేదని రుజువేంటి?"

"రైలింగ్ కింద మచ్చ ఉంది. పాత పేజీ వెబ్‌సైటు వాళ్ల దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తారు."

"నేను కూడా చూశాను సార్," అన్నాడు వెనక నుంచి బావమరిది. "తీసేటప్పుడు పక్కనే ఉన్నా."

డ్రైవరు బెంచీ మీద నుంచి లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. కానిస్టేబులు అడ్డం పెట్టిన చెయ్యి దాటలేదు.

"నేను అడిగానుగా సార్ మిమ్మల్ని," అన్నాడు సర్వేయరుతో. "ఏమన్నా ఉంటుందా అని అడిగా. మీరు నా మొహం చూసే లేదన్నారు."

"అవును."

"మూడు రోజులుగా నాకే అనుమానం వచ్చేసింది. నిద్రలో బండి నడిపానేమో, అంతా కలేమో అని మా ఆవిడతో కూడా అన్నా."

ఇన్‌స్పెక్టరు అతన్ని కూచోమన్నాడు. అతను కూచోలేదు.

బుధవారం ఉదయం మలుపు దగ్గర మళ్లీ కొలతలు తీశారు. ఈసారి వేరే ఊరి సర్వేయరు వచ్చాడు. మచ్చకూ సుద్ద గీతకూ మధ్య దూరం ఒకటిన్నర మీటరు లోపే. స్కెచ్‌లో దాన్ని ఎర్ర సిరాతో వేశారు. సాక్ష్యం మాయం చేసినందుకు సర్వేయరు మీద కేసు నమోదైంది. బావమరిది పేరు రెండోది. రోడ్ల శాఖ సర్వేయరును ఆ మధ్యాహ్నమే సస్పెండు చేసింది.

సాయంత్రం అతను ఆస్పత్రికి వెళ్లాడు. ఈసారి కూచోలేదు.

"అక్కా, నీకు గుర్తున్నదే నిజం. పెట్టె మలుపులోనే ఉండేది. ఆదివారం నేను తీసేశాను. పేజీ మార్చాను."

అక్క స్టూలు మీద నుంచి లేచింది.

"అయితే నా తలకేమీ కాలేదు," అంది టైలరు.

"కాలేదు."

"ఫోను సంగతి?"

"బండి వస్తే మాట్లాడుతున్నట్టు నిలబడమని సూచన రాశాను."

"ఆ డ్రైవరు చెప్పింది నిజమన్నమాట. నేను అబద్ధాలకోరన్నా."

సర్వేయరు ఏదో అనబోయాడు. ఆమె బాగున్న చెయ్యి ఎత్తి ఆపింది. ఇన్‌స్పెక్టరుకు ఫోను కలపమని అక్కను అడిగింది. తను ఇచ్చిన వాంగ్మూలం మార్చాలని, వీలైతే ఇప్పుడే రమ్మని ఫోనులో చెప్పింది. ఫోను పెట్టేశాక అక్కతో, "ఈయన్ని పంపించెయ్యి," అంది.

అక్క తలుపు తెరిచి పట్టుకుంది. అతను బయటికి వచ్చాక మూసింది.

డ్రైవరుకు లైసెన్సు శుక్రవారం మధ్యాహ్నం తిరిగి ఇచ్చారు.